వచ్చు, కూడదు, అక్కరలేదు

కాకినాడ నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. వారి అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్నాడు. మొన్న క్లాసులో లేచి నిలబడి, "కెన్ ఐ గో అవుట్, మిస్?" అని అడిగాడట. ఆ టీచరమ్మ, "ఐ డోంట్ నో. కెన్ యూ?" అన్నదట. అంటే, "నాకేం తెలుసు? నీకు వెళ్ళే శక్తి వుందో లేదో నువ్వే చూసుకో" అని. క్లాసంతా గొల్లుమన్నది. ఎందుకు నవ్వారో పిల్లవాడికి తెలియలేదు. ఇంటికి వచ్చి, రేపటినుంచి బడికి పోనని మొండికేశాడు. "కెన్ అంటే తప్పా? మే అంటేనే ఒప్పా? వాడికి నేనేమని చెప్పను?" అని ఆ తల్లి అడుగుతున్నారు.

తెలుగు మేష్టారిని పట్టుకుని ఇంగ్లీషు ప్రశ్న అడగడమేమిటని మా ఆవిడ నవ్వింది. "మీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్లు వింటే మీమీద దావా వేస్తారు సుమండీ" అని కూడా అన్నది. వేస్తే వేయనీండి. నేను చదివింది తెలుగు ఎమ్మేయే. పదో తరగతి దాకా తెలుగు మీడియమే. కాని ఇంగ్లీషు సుఖంగా వచ్చినవాడికి దానిలో గోతులెక్కడున్నాయో తెలియదు, నడిచి పోతాడు. ప్రతి గోతిలోను ఒకసారి పడి లేచినవాణ్ణి గనుక నాకు తెలుసు. వాటిలో ఒక గొయ్యి చాలా లోతైనది. దాని సంగతి కాస్సేపట్లో చెబుతాను. ముందు ఆ పిల్లవాడి సంగతి చూద్దాం.

అమ్మా, మీ అబ్బాయి అన్నది తప్పు కాదు. ఇవాళ ఇంగ్లండులోను, అమెరికాలోను పిల్లలూ పెద్దలూ అనుమతి అడగటానికి "కెన్ ఐ" అనే అంటారు. "మే ఐ" అనడం కొంచెం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మాట్లాడటం. పెద్దవాళ్ళ దగ్గర, కొత్తవాళ్ళ దగ్గర ఆ ఇస్త్రీ చొక్కా బాగుంటుంది. అంతే తేడా. ఆ టీచరమ్మ వేసిన పరిహాసం కూడా కొత్తది కాదు. ఇంగ్లీషు మాట్లాడే దేశాలలో పంతుళ్ళు ఎన్నో తరాలుగా పిల్లలమీద అదే వేస్తున్నారు. పిల్లలు మాత్రం కెన్ మానలేదు.

అసలు ఈ కెన్ అనే మాట పుట్టుక వింటే మనవాళ్ళకు ముచ్చటవేస్తుంది. పాత ఇంగ్లీషులో దీని మూలానికి "తెలియడం" అని అర్థం. తెలిసినవాడు చేయగలడు, అల్లా "తెలుసు" కాస్తా "చేయగలను" అయింది. మన తెలుగులో "నాకు ఈత వచ్చు" అంటాం చూడండి. వచ్చు అంటే తెలుసు అని. ఆ వచ్చునే ఇంకో క్రియకు తగిలిస్తే, "నువ్వు ఇక్కడ ఈదవచ్చు" అవుతుంది. ఇప్పుడది అనుమతి. "రేపు వాన రావచ్చు" అంటే అనుమానం. వానకు మనమేమీ అనుమతి ఇవ్వటం లేదు గదా! ఒక్క "వచ్చు" మూడు కాపరాలు చేస్తున్నది. తెలుగు పిల్లవాడు ఈ మూడింటినీ ఎన్నడూ కలగాపులగం చెయ్యడు. అటువంటివాడికి కెన్నూ మేయూ ఒక లెక్కా? మే అనే మాటకు కూడా మొదట బలం, శక్తి అనే అర్థమే వుండేది. దాని తోబుట్టువు మైట్ అనే నామవాచకానికి ఇప్పటికీ బలమనే అర్థం.

ఇటువంటి క్రియలు ఇంగ్లీషులో ముఖ్యంగా తొమ్మిది: కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. ఆట్, నీడ్, డేర్ అనేవి గుమ్మంలో నిలబడి వుంటాయి. ఒకప్పుడు లోపలికి వస్తాయి, ఒకప్పుడు రావు. వీటికి ఇతర క్రియలకుండే మర్యాదలు లేవు. "హీ గోస్" అంటాం గాని "హీ కెన్స్" అనం. "వాంట్ టు గో" అంటాం గాని "మస్ట్ టు గో" అనం. మా కాలేజీ పిల్లలు ఈ రెండు తప్పులూ చేస్తూనే వుంటారు. వాళ్ళకు నేను చెప్పే ఉపాయం ఒకటే. నేను వెళ్ళాలి, నువ్వు వెళ్ళాలి, ఆయన వెళ్ళాలి, ఆవిడ వెళ్ళాలి, వాళ్ళు వెళ్ళాలి. ఎక్కడైనా తోక మారిందా? "ఆయన వెళ్ళాలాడు" అంటామా? వెళ్ళవచ్చు, వెళ్ళకూడదు, అన్నీ అంతే. మన ఇంట్లో వున్న సంగతే పొరుగింట్లోనూ వుంది. "వెళ్ళగలను, వెళ్ళగలడు" దగ్గర మాత్రం మనకు తోక వుంది, వాళ్ళకు లేదు. అది వొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఇక్కడిదాకా హాయిగానే వుంది. కాదు అనవలసి వచ్చినప్పుడే వస్తుంది చిక్కు.

నేను ఎమ్మే మొదటి సంవత్సరం చదువుతున్న రోజులు. వేసవి సెలవలకు ఇంటికి వచ్చాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి చిన్న కిరాణా కొట్టు. ఆయన చదువు అయిదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు నోటితో చేసేవారు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం సబ్బు పెట్టెలమీద గుర్తుపట్టేవారు. ఆ ఏడే మా అమ్మకు రక్తపోటు వున్నదని తేలింది. టౌనులో డాక్టరుగారు రోజుకొక మాత్ర వ్రాసి ఇచ్చారు. మా అమ్మకు చిన్నప్పటినుంచీ మాత్ర గొంతు దిగదు. నీళ్ళన్నీ లోపలికి పోతాయి, మాత్ర మాత్రం నాలుకమీదే వుంటుంది. ఏ మాత్రనైనా మా నాన్నగారు కల్వంలో వేసి నూరి, తేనెలో రంగరించి ఇస్తూ వుండేవారు.

ఈ మాత్ర పెట్టెలో ఒక కాగితం మడతపెట్టి వుంది. చీమతలకాయలంత అక్షరాలు. మా నాన్నగారు దాన్ని నా చేతికిచ్చి, "ఒరేయ్, నలగ్గొట్టవచ్చో లేదో చూడరా. ఇది కొత్త మాత్ర" అన్నారు. ఆయన ఎంత జాగ్రత్తమనిషో చూడండి. అడగవలసిన ప్రశ్న సరిగ్గా అడిగారు. అడిగింది కూడా ఇంట్లోకెల్లా పెద్ద చదువు చదివినవాణ్ణి.

నేను కాగితం విప్పి చదివాను. మాత్రను నలగ్గొట్టడం గురించిన వాక్యంలో "మస్ట్ నాట్" అని వుంది. నేను లెక్క కట్టాను. మస్ట్ అంటే ఏమిటి? తప్పనిసరి. నాట్ అంటే? కాదు. మస్ట్ నాట్ అంటే తప్పనిసరి కాదు. "నలగ్గొట్టి తీరాలని ఏమీ లేదు నాన్నా. మన ఇష్టం" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ నా చెవిలో వినబడుతూనే వుంటుంది.

ఆయన నూరి ఇచ్చారు. మొదటి రోజు మా అమ్మ కళ్ళు తిరుగుతున్నాయని కాస్సేపు పడుకుంది. ఎండ దెబ్బ అనుకున్నాం. మూడో రోజు పొద్దున్న తులసికోట దగ్గర నీళ్ళు పోస్తూ పోస్తూ కూలిపోయింది. కోట అంచు తగిలి నుదురు చిట్లింది. రిక్షాలో టౌనుకు తీసుకుపోయేసరికి చీర కొంగంతా తడిసిపోయింది. మూడు కుట్లు పడ్డాయి.

డాక్టరుగారు రక్తపోటు చూశారు. బాగా పడిపోయి వుంది. మాత్ర ఎల్లా వేస్తున్నారని అడిగారు. మా నాన్నగారు నూరి ఇస్తున్నామని చెప్పారు. డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. ఆ మాత్ర కడుపులో రోజంతా కొంచెం కొంచెంగా కరగవలసినదట. నూరితే దాని కట్టు తెగిపోయి, రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి వచ్చి పడుతుందట. "కాగితంమీద స్పష్టంగా వ్రాసి వుంటుందే, ఎవరు చెప్పారు మీకు నూరవచ్చని?" అని గద్దించారు.

మా నాన్నగారు నా వంక చూడను కూడా చూడలేదు. "నాదే పొరపాటు బాబూ. నాకు ఇంగ్లీషు రాదు గదా" అన్నారు.

ఆ గదిలో ఇంగ్లీషు రానివాణ్ణి నేను. రాకపోయినా ఫరవాలేదు, వచ్చుననుకున్నవాణ్ణి.

ఇప్పుడు ఆ గొయ్యి ఎక్కడుందో చూడండి. మన భాషలో "వెళ్ళాలి" అనేదానికి కాదనే మాటలు రెండున్నాయి. "వెళ్ళకూడదు" ఒకటి. "వెళ్ళనక్కరలేదు" రెండోది. మొదటిది కంచె. రెండోది తెరిచిన తలుపు. రెండింటికీ వేరు వేరు మాటలున్నాయి గనుక మనం ఎప్పుడూ పొరబడం. ఇంగ్లీషులోనూ రెండున్నాయి. కాని పేర్లు మనం అనుకున్నట్టు లేవు. మస్ట్ నాట్ అంటే కూడదు. అక్కరలేదు అనటానికి నీడ్ నాట్ అనాలి, లేదా డోంట్ హ్యావ్ టు అనాలి. "యూ మస్ట్ నాట్ పే" అంటే డబ్బు ఇవ్వకూడదు, ఇస్తే తప్పు. "యూ నీడ్ నాట్ పే" అంటే ఇవ్వనక్కరలేదు, ఇచ్చినా తప్పులేదు. నాట్ అనేది మస్టును కాదనటం లేదు. మస్టు తరవాత వచ్చే పనిని కాదంటున్నది. "నలగ్గొట్టకుండా వుండి తీరాలి" అని దాని అన్వయం. తాత్పర్యం చెప్పేటప్పుడు అన్వయం సరిగ్గా కుదుర్చుకోవాలని పద్యాల దగ్గర నాకు మా గురువులు వంద సార్లు చెప్పారు. మాత్ర దగ్గర మరిచిపోయాను.

చాలా యేళ్ళ తరువాత ఒక సంగతి తెలిసి కొంచెం ఊరట కలిగింది. జర్మనులు కూడా ఈ గోతిలోనే పడతారట. వాళ్ళ భాషలో మస్టుకు చుట్టమైన ముస్ అనే మాట వుంది. దానికి నిషేధం చేరిస్తే "అక్కరలేదు" అనే అర్థమే వస్తుంది. అందుచేత వాళ్ళు ఇంగ్లీషులో మస్ట్ నాట్ చూసి నాలాగే బోల్తాపడతారు. మస్టుకు మూలమైన పాత మాటకు ఇంగ్లీషులో ఒకప్పుడు అనుమతి అనే అర్థం వుండేది. అనుమతి లేదు అంటే కూడదనే గదా. మస్ట్ నాట్ ను చూసినప్పుడు ఆ పాత అర్థం తలచుకుంటే దారి తప్పదు. నేను ఇప్పటికీ అల్లాగే తలచుకుంటాను.

మే నాట్ సంగతి ఇంకొక తమాషా. "హీ మే నాట్ కమ్" అంటే ఆయన రాకపోవచ్చు. "యూ మే నాట్ ఎంటర్" అంటే మీరు ప్రవేశించరాదు. ఒకే మాట; ఒకచోట అనుమానం, ఒకచోట ఆజ్ఞ. మనకు రాకపోవచ్చు వేరు, రారాదు వేరు. కాని మనం మాత్రం తక్కువ తిన్నామా? "ఈ గదిలోకి ఎవరూ రారాదు" అని బోర్డు పెడతాం. ఆ గదిలోంచే మా ఆవిడ తలుపు తీసి, పక్కింటి పిన్నిగారితో, "లోపలికి రారాదూ, పిన్నిగారూ!" అంటుంది. చివర అక్షరం కాస్త సాగదీస్తే గెంటివేత ఆహ్వానమైపోయింది. తెలుగు నేర్చుకోవటానికి వచ్చిన ఏ దొర అయినా ఇక్కడ తల పట్టుకోవలసిందే.

మర్యాద సంగతి వచ్చింది గనుక మా మేనకోడలి సంగతి చెప్పాలి. హైదరాబాదులో కంప్యూటరు కంపెనీలో పనిచేస్తున్నది. తెలివైన పిల్ల. దాని పని చూసే పెద్దమనిషి ఇంగ్లండులో వుంటాడు. ఒకనాడు ఆయనకు, "యూ మస్ట్ సెండ్ ది ఫైల్ టుడే" అని కంప్యూటరులో ఉత్తరం కొట్టింది. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చిన జవాబు మంచు గడ్డలాగుంది. పిల్ల భయపడిపోయి నాకు ఫోను చేసింది. "మావయ్యా, నేను తిట్టలేదు, విసుక్కోలేదు. ఫైలు పంపాలండీ అనే గదా వ్రాశాను!" అంది.

అదీ కీలకం. అది మనసులో "అండీ" అన్నది. కాగితంమీద అండీ పడలేదు. పడటానికి ఇంగ్లీషులో అండీ లేదు. మనకు మర్యాద పెట్టుకోవటానికి ఎన్ని చోట్లున్నాయో చూడండి: మీరు, గారు, అండీ, క్రియ చివర "రు". ఇన్ని వున్నాయి గనుక "పంపాలి" అన్నా బాధలేదు. ఇంగ్లీషువాడికి నువ్వూ మీరూ ఒకటే, రెండూ యూ. మరి అతడు మర్యాద ఎక్కడ పెట్టుకుంటాడు? చాలావరకు ఈ తొమ్మిది చిన్న క్రియలలోనే. "కుడ్ యూ సెండ్ ది ఫైల్ టుడే?" అంటే అండీ వచ్చినట్టు. "వుడ్ యూ మైండ్" అంటే చేతులు కూడా కట్టుకున్నట్టు. మస్ట్ అని పైవాడికి వ్రాయటమంటే, "ఏమయ్యా, ఇవాళ పంపి తీరాలి తెలిసిందా" అన్నట్టు.

మా మేనకోడలు అంతటితో వూరుకునే పిల్ల కాదు. "కుడ్ అంటే కెన్ కు భూతకాలం గదా మావయ్యా. ఇవాళ పంపమనటానికి నిన్నటి క్రియ ఎందుకు?" అంది. మంచి ప్రశ్న. నేను దాన్నే ఎదురడిగాను: "నువ్వు ఎవరింటికైనా అప్పుకు వెళ్ళి, గుమ్మంలో నిలబడి ఏమంటావు?" కాస్సేపు ఆలోచించి, "ఒక్క మాట అడుగుదామని వచ్చానండీ అంటాను" అంది. "అడుగుదామనుకుంటున్నాను అనవేం? ఇంకా అడగలేదు గదా?" అన్నాను. ఫోనులో నవ్వు వినిపించింది. మనం కూడా గట్టి కోరికను కొంచెం వెనక్కి జరిపి, గడిచిన కాలంలో పెట్టి అడుగుతాం. కాలం దూరమైతే కోరిక బరువు తగ్గుతుంది. అవతలివాడు కాదనటానికి చోటు దొరుకుతుంది. ఇంగ్లీషులో కుడ్, వుడ్, మైట్ చేసే పని అదే.

అయితే మస్ట్ ఎప్పుడూ మొరటుదని అనుకోకండి. "యూ మస్ట్ కమ్ టు అవర్ హౌస్" అని ఇంగ్లీషువాడు ఎంతో ఆప్యాయంగా పిలుస్తాడు. "యూ మస్ట్ టేస్ట్ దిస్ స్వీట్" అంటుంది ఆ ఇంటి ఇల్లాలు. మన శుభలేఖలలో "తప్పక విచ్చేయాలి" అన్నట్టే. లాభం ఎవరిదో చూసుకోవాలి. మిఠాయి తినేవాడికి బలవంతం చేస్తే మర్యాద. ఫైలు పంపేవాడికి బలవంతం చేస్తే అమర్యాద. అప్పు తీర్చమన్నప్పుడు ఎల్లా అనాలో మాత్రం ఏ భాషలోనూ నాకు చేతకాలేదు.

మన ఆఫీసులలో వుడ్ అనే మాటను చాలా మర్యాద గలదనుకుని ఎక్కడపడితే అక్కడ వాడుతున్నారు. "ది మీటింగ్ వుడ్ బి హెల్డ్ ఎట్ ఫైవ్" అని నోటీసులు పెడుతూ వుంటారు. మనకు అర్థమవుతుంది. ఇంగ్లండువాడు చూస్తే మాత్రం, "జరిగేదే గాని... ఏమైంది? అధ్యక్షులు రాలేదా?" అని మిగతా వాక్యంకోసం వెతుక్కుంటాడు. జరగబోయే సభకు విల్ చాలు.

షల్ గురించి మా చిన్నప్పుడు చాలా బట్టీ పట్టించారు. ఐ, వుయ్ లకు షల్, తక్కినవాటికి విల్, గట్టిగా చెప్పాలంటే తారుమారు. ఈ సూత్రాన్ని 1653లో జాన్ వాలిస్ అనే ఆయన తన ఇంగ్లీషు వ్యాకరణంలో వ్రాశాడు. ఆయన గణిత శాస్త్రవేత్త. అనంతానికి మనం వాడే పడుకున్న ఎనిమిది గుర్తు పెట్టింది కూడా ఆయనే. వ్యాకరణం ఆయన లాటిన్ భాషలో వ్రాశాడు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఆయన సూత్రాన్ని ఎన్నడూ పూర్తిగా పాటించలేదు. ఇవాళ దాదాపు వదిలేశారు. "షల్ వుయ్ గో?" అనే చోట, అంటే మన "వెళ్దామా?" అనే చోట, అది ఇంకా హాయిగా బతుకుతున్నది.

షల్ కు పుట్టింటి అర్థం బాకీ. "నేను ఇంత అచ్చుకోవాలి" అని. విల్ కు పుట్టింటి అర్థం కోరిక. మన "వలెను" కూడా కోరికలోనుంచి పుట్టిందే. వలపు, వలచు అనేవి దాని తోబుట్టువులు. చేయవలెను అనేదే అరిగి అరిగి చేయాలి అయింది. అంటే మనం "ఆఫీసుకు వెళ్ళాలి" అని నిట్టూర్చినప్పుడల్లా ఆ మాటలో ఎక్కడో వలపు దాగి వుందన్నమాట! మా కాలేజీ పిల్లలు ఇది విని చాలాసేపు నవ్వారు. నేను కూడా ఆదివారం సాయంత్రం దీన్ని తలచుకుంటూ వుంటాను.

చట్టాలలో మాత్రం షల్ మహారాజు. షల్ అంటే చేసి తీరాలి, మే అంటే చేయవచ్చు అని వకీళ్ళు పాఠం చెబుతారు. అక్కడా మినహాయింపులున్నాయి. మన రాజ్యాంగంలో 320వ అధికరణం, ప్రభుత్వోద్యోగులపై క్రమశిక్షణ చర్యల విషయంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ను సంప్రదించడం గురించి షల్ అనే మాటే వాడింది. 1957లో సుప్రీంకోర్టు ఒక ఉద్యోగి కేసులో, ఆ షల్ తప్పనిసరి కాదు, సంప్రదించనంత మాత్రాన ప్రభుత్వం చేసిన పని చెల్లకపోదు అని తీర్పు చెప్పింది. మరికొన్ని కేసులలో మే అనే మాటను "చేసి తీరాలి" అని కూడా చదివారు. అయిదక్షరాల మాట ఒక మనిషి ఉద్యోగాన్ని అటో ఇటో తేల్చగలదన్నమాట. మాత్ర విషయంలో నేను కూడా అటువంటి తీర్పే ఇచ్చానని ఒకసారి మా వకీలు మిత్రుడితో అన్నాను. "సుప్రీంకోర్టు సందర్భం చూసి చెప్పింది, నువ్వు చూడకుండా చెప్పావు" అన్నాడాయన. నోరు మూసుకున్నాను.

ఇంకొక్క చిన్న చిక్కు. ఔషధాల కాగితాలలోను, బ్యాంకు ఉత్తరాలలోను "షుడ్ యూ ఫీల్ ఎనీ పెయిన్" వంటి వాక్యాలు మొదలవుతూ వుంటాయి. ఇది "మీకు నొప్పి కలగాలి" అని దీవించటం కాదు. అక్కడ షుడ్ ముందుకు వచ్చిందంటే "ఒకవేళ" అని అర్థం: ఒకవేళ మీకు నొప్పి కలిగితే, అని. నా విద్యార్థి ఒకడు దీన్ని "మీరు నొప్పి పొందవలెను" అని అనువాదం చేశాడు. నేను వాణ్ణి కోప్పడలేదు. కోప్పడే అధికారం నాకు లేదు.

మా నాన్నగారు పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన ఆ మాత్ర సంగతి ఎవరితోనూ, ఎన్నడూ అనలేదు. ఇంట్లో ఎవరికైనా ఇంగ్లీషు ఉత్తరం వస్తే మునుపటిలాగే నా చేతికే ఇచ్చి చదవమనేవారు. అది నాకు కుట్లకంటె ఎక్కువ నొప్పిగా వుండేది. కాని ఆ నొప్పివల్లనే అప్పటినుంచీ ప్రతి వాక్యమూ రెండుసార్లు చదవటం మొదలుపెట్టాను.

ఆయన సంవత్సరీకాలు అయిన తరవాత ఒకరోజు మా అమ్మ దగ్గర కూర్చుని, అప్పుడు నూరవచ్చని చెప్పింది నేనే అని ఒప్పుకున్నాను. ఆమె చింతపండు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే, "నాకు అప్పుడే తెలుసురా. మీ నాన్నకు ఇంగ్లీషు రాదని డాక్టరుగారికి తెలియకపోవచ్చు గాని నాకు తెలియదూ!" అంది.

ఇప్పుడు ఆమెకు డెబ్భై రెండేళ్ళు. నుదుట ఆ గీత ఇంకా కనిపిస్తుంది. బొట్టు కొంచెం పక్కగా పెట్టుకుంటుంది. మాత్ర ఇప్పటికీ గొంతు దిగదు. పోయిన వారం కీళ్ళ నొప్పులకు కొత్త మాత్ర తెచ్చాను. పెట్టె విప్పకముందే, "నూరవచ్చా, కూడదా?" అని అడిగింది. కాగితమంతా రెండుసార్లు చదివాను. ఆ సంగతి దానిలో లేదు. మందుల షాపుకు ఫోను చేశాను. షాపతను, "నూరవచ్చండీ, భయంలేదు. కాని బాగా చేదు" అన్నాడు. అయినా నమ్మకం చాలక డాక్టరుగారిని కూడా అడిగాను. ఆయనా అదే అన్నారు.

కల్వం మా నాన్నగారిదే. మా అమ్మ బెల్లం ముక్క చేతిలో పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

కాకినాడ సోదరికి: అబ్బాయిని క్లాసులో "మే ఐ" అనమనండి, టీచరమ్మ సంతోషిస్తుంది. ఇంట్లో "కెన్ ఐ" అన్నా దిద్దకండి. బడికి మాత్రం వెళ్ళమనండి.